బైబిలమ్మ మనవరాలు

మా అమ్మమ్మ బైబిల్ ఉమన్. ఇప్పటి పిల్లలకు ఈ ఉద్యోగం పేరు కొత్తగా ఉంటుంది గానీ, ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో మిషన్ల పని చాలావరకు ఈ ఆడవాళ్ళ కాళ్ళ మీదే నడిచింది. మగ ఉపదేశకులు గడప దాటి పోలేని ఇళ్ళలోకి వీళ్ళు పోయేవాళ్ళు. భుజానికి గుడ్డసంచి, అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, ఒక పలక, అమృతాంజనం సీసా. వాక్యం చదివి వినిపించడం, పాట నేర్పడం, అడిగినవాళ్ళకు అక్షరాలు దిద్దించడం, ఆ ఇంట్లో బాలింత ఉంటే కాసేపు ఆగి ఓ చెయ్యి వేయడం, ఇదీ పని. జీతం మాత్రం నెల చివరిదాకా ఎప్పుడూ రాలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ బైబిలమ్మే. సెలవుల్లో వెళ్తే నేను బైబిలమ్మ మనవరాలిని. నాన్నది రైల్వే ఉద్యోగం, మేముండేది బిట్రగుంటలో. పరీక్షలు అయిపోవడం ఆలస్యం, పాసింజరెక్కి ఒంగోల్లో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకుని, చివర్లో కాస్త దూరం గట్టు మీద నడిస్తే గుండ్లకమ్మ పక్కన మా పల్లె. వేసవి సెలవులు, క్రిస్మస్ సెలవులు అన్నీ అక్కడే.

ఆ ఇంట్లో అలారం గడియారం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మమ్మ ప్రార్థన మొదలయ్యేది. మనసులో చేసుకునే రకం కాదు, గొంతెత్తి చేసేది. ముందు దేవుడికి స్తుతి, ఆ తర్వాత వరసగా పేర్లు. పల్లెలో ఎవరికి జ్వరం, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవట్లేదు, ఏ పిల్ల ఎన్నోనెల, అన్నీ వచ్చేవి. పెద్దవీధిలో రైతుల గేదె ఈనడానికి ఇబ్బంది పడుతోందని కూడా దేవుడికి చెప్పింది ఒకసారి. మా పెద్దమామయ్య కొడుకు చెరువు గట్టున బీడీ తాగుతున్నాడనే సంగతి ఇంట్లో బయటపడింది ఈ ప్రార్థనలోనే. "నాయనా, ఆ బిడ్డ ఊపిరితిత్తులు కాపాడు తండ్రీ" అని కన్నీళ్ళతో అడిగింది. గోడకవతల పడుకున్న మామయ్యకు వినపడాలనే ఆ రోజు గొంతు ఒక మెట్టు పెంచిందని మా పిల్లలందరి అనుమానం. ప్రార్థన ఆమెన్ దాకా వచ్చేలోపే వాడు గోడ దూకేశాడు.

నవ్వుకునేవాళ్ళం గానీ, ఆ పేర్ల జాబితాలో మన పేరు ఎప్పుడొస్తుందా అని దుప్పటి కింద చెవులు రిక్కించి వినేవాళ్ళం. వచ్చాకే మళ్ళీ నిద్రపట్టేది. నన్ను ఒకరు రోజూ, నేను ఎదురుగా లేనప్పుడు కూడా, పేరుపెట్టి తలుచుకుంటున్నారనే ధీమా ఎంత పెద్దదో అప్పుడు తెలీదు.

తర్వాత పొయ్యి దగ్గర పని. సోలతో బియ్యం కొలిచి చేటలో పోసి, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. పిడికెడు బియ్యం అనేవాళ్ళు దాన్ని. పల్లెలో విశ్వాసుల ఇళ్ళన్నిట్లో ఆ కుండ ఉండేది. ఆదివారం ఆ బియ్యం గుళ్ళో పోస్తే అయ్యగారి కుటుంబానికి కొంత, విధవరాళ్ళకు కొంత, ఆ వారం ఎవరింట్లో గడవకపోతే వాళ్ళకు కొంత. విశేషమేమంటే ఒక్కోవారం తీసుకునేవాళ్ళ ఇంట్లో కూడా ఆ కుండ ఉండేది. తమకొచ్చిన బియ్యంలోంచే పిడికెడు తీసి మళ్ళీ అందులో వేసేవాళ్ళు. లెక్కగా చూస్తే ఇదంతా అర్థంలేని పని. మా నాన్న అదే అనేవాడు కూడా, ఆయన లెక్కల మనిషి.

ఆ కుండలో బియ్యానికి కరువు రానిచ్చేది కాదు గానీ, మన కుండ అడుగు కనపడే రోజులు చాలానే ఉండేవి. అందరికీ వడ్డించేశాక అమ్మమ్మ అన్నం గిన్నెను వంచి చూసి, గుళ్ళో చదివే స్వరంతో "నా గిన్నె నిండి పొర్లుచున్నది" అనేది. అందులో ఉండేది గంజి. మా పిన్ని పడీపడీ నవ్వేది. అమ్మమ్మా నవ్వేది. గంజిలో ఉప్పు వేసుకుని, మిరపకాయ కొరుక్కుని తాగి, మూతి తుడుచుకుని, "ప్రభువా, వందనాలు" అని లేచేది. వేళాకోళంగా అనేదా, నిజంగానే అనేదా అని చాలాకాలం నాకు సందేహం. రెండూ అనుకుంటాను ఇప్పుడు. లేమిని చూసి నవ్వగలగడం కూడా ఆమె భక్తిలో భాగమే.

ఇదంతా చదివి మా పల్లె అంతా ఇరవైనాలుగు గంటలూ కంటతడితో ప్రార్థనలు చేసుకునేదని అనుకోకండి. కోత పండుగ నాటి వేలం చూస్తే ఆ అభిప్రాయం పోతుంది. పంట చేతికొచ్చాక ఒక ఆదివారం ఎవరికి ఉన్నది వాళ్ళు గుడికి తెచ్చేవాళ్ళు. ధాన్యం బస్తా, కోడిపెట్ట, అరటిగెల, సొరకాయలు, పిల్లలు తెచ్చే కోడిగుడ్లు. ఆరాధన కాగానే చెట్టుకింద వేలం. గుడ్డు ఒకటి అర్ధరూపాయికి పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోడు, "గుడికే ఇస్తున్నా" అని తిరిగి బల్ల మీద పెడతాడు. మళ్ళీ పాట. అలా ఒకే గుడ్డు మీద మూడునాలుగు సార్లు డబ్బులొచ్చాయి. బావలూ బావమరుదులూ పంతాలకు పోయి పాట పెంచేవాళ్ళు. ఒకసారి అమ్మమ్మ తెచ్చిన గుమ్మడికాయను ఇద్దరు వియ్యంకులు పాడుకుని పాడుకుని, దాని ధర గొర్రెపిల్ల ధరకు చేర్చారు. పెళ్ళిలో జరగాల్సిన పోట్లాట ఇక్కడ తీర్చుకుంటున్నారని ఎవరో అరిచారు. గుడి పైకప్పుకు ఆ ఏడు రేకులు పడ్డాయి.

మధ్యాహ్నాలు చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ అమ్మమ్మ కథలు చెప్పేది. రాజకుమారుల కథలు ఆమెకు రావు. వచ్చినవి రెండే రకాలు, బైబిలు కథలు, మా వంశం కథలు. చిన్నప్పుడు నాకు రెండూ ఒకటే అనిపించేవి. మోషే ఎర్ర సముద్రం దాటించిన చోటు గుండ్లకమ్మ మలుపు దగ్గరే అని చాలాకాలం నా నమ్మకం.

వంశం కథ ధాత, ఈశ్వర సంవత్సరాల కరువుతో మొదలయ్యేది. అంటే 1876 నుంచి 78 దాకా. అమ్మమ్మ వాళ్ళ నాయనమ్మ అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. ఊళ్ళకు ఊళ్ళు ఆకులు, గడ్డలు తిని బతికిన రోజులు. ఒంగోల్లో అప్పటికే అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉంది. 1854 జనవరి ఒకటిన జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద పొద్దుపొడుపు వేళ ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని. పన్నెండేళ్ళకు, 1866లో, క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అదే ఏడాది తాళ్ళకొండపాడు నుంచి చర్మాల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య మాటతోనే మా వాళ్ళ పల్లెల్లోకి ఆ కబురు వచ్చింది. మేము మాదిగలం. ఈ సంగతి చెప్పకుండా మా విశ్వాసం సంగతి చెప్పడం కుదరదు.

కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మేస్త్రీలుగా ఉపదేశకుల్నే పెట్టాడు. పారకు కాసేపు విశ్రాంతి దొరికితే గట్టు మీద కూచోబెట్టి యేసు సంగతి చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం ఆగేదాకా ఆగమన్నాడు. ఆగింది. 1878 జులైలో జనం మళ్ళీ వచ్చారు, ఈసారి ఇచ్చేందుకు ఆయన చేతిలో పని లేదు, కూలి లేదు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె మా వాళ్ళందరికీ నోటికొచ్చు. కానీ అమ్మమ్మ అంకె దగ్గర ఆగేది కాదు. ఆమె చెప్పేది ఇంకొకటి. పేర్లు పిలుస్తుంటే ఒడ్డున నిలబడ్డ ఆ పన్నెండేళ్ళ పిల్ల వాళ్ళమ్మ పేరు విన్నది. అంతకు ముందు ఆమె వాళ్ళమ్మను ఎవరైనా పిలిస్తే "ఒసేయ్" అని పిలవడమే విన్నది. ఆ రోజు నీళ్ళలో నిలబడ్డ ఉపదేశకుడు నిండుగా పేరు పిలిచి, పక్కన "అమ్మా" అని చేర్చి, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. ఆ చెయ్యి పట్టుకోవడం గురించి చెప్పేటప్పుడు అమ్మమ్మ రాళ్ళు ఏరడం ఆపేది. ముట్టుకుంటే మైల అనే ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి అది ఎంతో, మన ఊహకు అందదు. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అనే వాక్యం అమ్మమ్మకు చాలా ఇష్టం. దానికి ఆమె దగ్గరున్న వ్యాఖ్యానం ఈ ఏటి ఒడ్డు కథే.

ఇక తోడికోడలి సంగతి. ఇది చెప్పకపోతే అమ్మమ్మను దేవతను చేసి కూర్చోబెట్టినట్టవుతుంది.

అమ్మమ్మకూ, మా తాతయ్య అన్నగారి భార్యకూ దొడ్డిగోడ దగ్గర తగాదా. జానెడు స్థలం. అటు గోడ జరిగిందని ఈమె, ఇటు జరిగిందని ఆమె. చావుకూ పెళ్ళికీ కూడా మాటల్లేవు. పెద్దమ్మమ్మ నోరు మంచిది కాదు. అమ్మమ్మ నోరూ తక్కువేం కాదు, బైబిలు పట్టుకున్న చెయ్యి నడుం మీద పెట్టుకుని ఆమె గోడ మీంచి మాట్లాడిన మాటలు నేను విన్నాను.

మా గుళ్ళో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. ఒక క్రిస్మస్ ముందు నెలలో, అమ్మమ్మ పళ్ళెం అందుకుని, తను తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. ఆ తర్వాతి నెల కూడా అంతే. గుసగుసలు మొదలయ్యాయి. బైబిలమ్మే బల్లలో చెయ్యి వేయకపోతే ఎట్లా? అయ్యగారు ఇంటికొచ్చి అడిగారు. నేను పంచలో కూచుని ఉన్నాను.

"ఏం జరిగిందమ్మా? ఏదైనా బాధా?"

"ఏం లేదండయ్యగారూ. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు నీ సహోదరునితో సమాధానపడు అని మొన్న రైతులింట్లో చదివి వినిపించా. ఆయమ్మ అడిగింది, మరి నీ తోడికోడలితో నువ్వు మాట్లాడతావా అని. నోరు పడిపోయింది."

"మరి వెళ్ళి మాట్లాడొచ్చుగా?"

"కాళ్ళు రావట్లేదు. కాళ్ళు వచ్చేదాకా చెయ్యి వెయ్యను."

అయ్యగారు ఏమీ అనకుండా ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. తెలివైన మనిషి.

కాళ్ళు ఎప్పుడొచ్చాయో, ఎలా వచ్చాయో చూసే అదృష్టం నాకు దక్కింది. ఒక సాయంత్రం గోంగూరలో ఎండురొయ్యలేసి వండింది. అది పెద్దమ్మమ్మకు ప్రాణమని అందరికీ తెలుసు. సత్తు గిన్నెలో పోసి, మూతపెట్టి, కొంగు చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. పక్కిల్లే. అయినా చుట్టూ తిరిగి వీధి గుమ్మం నుంచి వెళ్ళాం, మర్యాదగా. పెద్దమ్మమ్మ మంచం మీద కూచుని ఆకు నములుతోంది. చూసింది, పలకరించలేదు. అమ్మమ్మ గిన్నె ఆమె పక్కన పెట్టి, "అక్కా, గోడ నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకో. నాకు నువ్వు కావాలి" అంది. గొంతు కొంచెం కోపంగానే ఉంది. ప్రేమగా చెప్పడానికి ఆమెకు ఇంకా రాలేదు.

చాలాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. పెద్దమ్మమ్మ నోట్లో ఆకు ఊసేసి వచ్చి, మూత తీసి, వేలితో కొంచెం నాకింది. "ఉప్పు ఎక్కువేశావు" అంది. అన్నేళ్ళకు మొదటి మాట అది. అమ్మమ్మ "నీ నోరే ఉప్పు" అంది. ఇద్దరూ ఏడ్చారు, నాకేం చేయాలో తెలియక గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత నెల మొదటి ఆదివారం ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. గోడ మటుకు పెద్దమ్మమ్మ కదపలేదు. జానెడు స్థలం ఈ రోజుకీ వాళ్ళ దొడ్లోనే ఉంది.

కొంచెం పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగాను, "అంతలా తిట్టిన మనిషి మీద నీకు ప్రేమెట్టా వచ్చిందమ్మమ్మా?" అని.

"నాకెక్కడిదే ప్రేమ? నాదైతే ఆ గోడ దగ్గరే అయిపోయింది. అడుక్కొచ్చుకున్నా" అంది.

ఎవరి దగ్గర అడుక్కొచ్చుకుందో చెప్పనక్కర్లేదు. నాకు తెలిసి ఆమె విశ్వాసం మొత్తం ఈ ఒక్క పని చుట్టూ తిరిగింది. తన దగ్గర లేదని ఒప్పుకోవడం, అడగడం, వచ్చింది పంచేయడం, రేపు మళ్ళీ అడగడం.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు నేను బిట్రగుంటలో స్కూల్లో చదువుతున్నాను. క్రిస్మస్‌కు పల్లెకు వెళ్తే, గుడిలో బట్టలు, బియ్యం పోగుచేసి పంపారని చెప్పారు. మా పిన్ని ఇంకా కోపంగా ఉంది. అమ్మమ్మకున్న ఒకే ఒక మంచి చీర, మామయ్య పెళ్ళికి పెట్టిన జరీ అంచు చీర, ఇచ్చేసిందట. చిరుగు పట్టినవి రెండు ఉన్నాయిగా, అవి ఇవ్వొచ్చుగా అని పిన్ని వాదన. "చిరిగినవి వాళ్ళకు ఉప్పెన బోలెడు మిగిల్చిందిలే" అందట అమ్మమ్మ. ఆ క్రిస్మస్‌కు కొత్తచీర లేదు. పతంగి కాగితాలతో చేసిన నక్షత్రం వెదురుగడ మీద ఎగిరింది, క్యారల్స్ వాళ్ళు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని డోలక్, కంజిర, తాళాలతో ఇల్లిల్లూ తిరిగారు, అమ్మమ్మ ఉతికి గంజిపెట్టిన పాత నేతచీరలో మొదటి వరసలో కూచుని అందరికంటే గట్టిగా పాడింది.

పాట అంటే గుర్తొచ్చింది. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం వేసి ఉంటాయి. అందులో పురుషోత్తమ చౌదరి (1803–1890) పాటలంటే అమ్మమ్మకు మరీ ఇష్టం. రాగం పేరు అడిగితే చెప్పలేదు, పాడమంటే ఎక్కడా తప్పదు. అమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర విని నేర్చుకుంది. సంగీతం మేస్టారు గుమ్మంలోకి కూడా రానివ్వని కాలంలో మా పల్లె ఆడవాళ్ళ గొంతుల్లోకి ఆ రాగాలు గుడి గుమ్మంలోంచి వచ్చాయి. ఇప్పుడు మా చర్చిలో కీబోర్డు, డ్రమ్స్, తెర మీద పాటలు. తప్పేం లేదు, పిల్లలు సంతోషంగా పాడుతున్నారు. నాకే ఆ కంజిర మీద మనసు.

నేను నర్సునవ్వడానికి కారణం కూడా అమ్మమ్మే. పదో తరగతి అయ్యాక ఏం చదవాలని ఇంట్లో చర్చ జరుగుతుంటే, "దీనికి చెయ్యి మెత్తన, కడుపులో జాలుంది, గుంటూరు పంపించండి" అంది. ఇంటర్ అయ్యాక గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరాను. అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ డాక్టరమ్మ. మొదట ఆమెను వైద్యానికి కాక, స్కూళ్ళూ ఇళ్ళూ తిరిగి బోధించే పనికి పంపారట. ఆమె మందులపెట్టె వదల్లేదు. 1898లో ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా గుంటూరే ఆమె ఊరు. ట్రైనింగులో మాకు ఆమె కథ చెప్పినప్పుడు, దొరసాని గొప్పతనం కంటే నాకు అమ్మమ్మ సంచిలోని అమృతాంజనం సీసా గుర్తొచ్చింది. ఇద్దరిదీ ఒకే పని, చదువే తేడా.

వార్డులో మొదటి ఏడు నరకంలా ఉండేది. చీము, రక్తం, వాసన, రాత్రి డ్యూటీలు, ఇంటి మీద బెంగ. పెద్ద సిస్టరు ఒకామె మంచాన పడ్డ ముసలామెకు ఒళ్ళు తుడుస్తూ సన్నగా పాడుకుంటుంటే చూసి, ఈమెకు ఇదెట్లా చేతనవుతోందని గమనించడం మొదలుపెట్టాను. ఆమె ప్రతి మంచం దగ్గరా అర నిమిషం ఆగేది. పేరు పిలిచేది. తర్వాతే దుప్పటి తీసేది. నేనూ అదే అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా పోలేదు ఆ అలవాటు.

నా ముప్పైల్లో నా భర్త పోయారు. గుండెనొప్పి. పాప అప్పటికి బడికి కూడా వెళ్ళడం లేదు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. సికింద్రాబాదులో మా చర్చి ఆడవాళ్ళు నా దగ్గరకొచ్చి వాక్యాలు చెప్పలేదు, ఆ సంగతికి ఈ రోజుకీ కృతజ్ఞురాలిని. వంతులు వేసుకుని రోజుకొకరు మా ఇంట్లో పడుకునేవాళ్ళు. ఒకామె వచ్చి వాషింగ్ పౌడరు అయిపోయిందని చూసి తెచ్చిపెట్టింది. ఇంకొకామె పాపకు జడలేసేది. నేను చర్చికి వెళ్ళడం మానేసినా వాళ్ళు రావడం మానలేదు.

అమ్మమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. నన్ను చూడాలని అంత దూరం మామయ్యతో వచ్చింది. ఆమె ముందు దాచలేకపోయాను. దేవుడితో నాకిక మాటల్లేవని చెప్పేశాను. బోధ మొదలుపెడుతుందేమో, ఇంత బతుకు బతికి ఇదా నీ విశ్వాసం అంటుందేమో అనుకున్నా.

"మాటల్లేకపోవడం ఎందుకు? తిట్టు" అంది. "దావీదు తిట్టలా? పదమూడో కీర్తన తీసి చదువు. నన్ను మర్చిపోయావా అని నిలదీశాడు. నేను మీ తాత పోయినప్పుడు ఏడాదిపాటు అదే చదివా. తిడుతూనే ఉండు గానీ, ఆయనకే తిట్టు. వేరేవాళ్ళకు చెప్పుకుంటే ఏం లాభం?"

ఆ రాత్రి పక్కనే పడుకుంది. నాలుగింటికి ఆ గొంతు మళ్ళీ లేచింది, సన్నబడింది గానీ అదే వరస. పల్లె, పెద్దవీధి, గుంటూరు, మామయ్యలు. నా పేరు వచ్చింది. నా పేరు దగ్గర మామూలుగా అడిగేవేవీ అడగలేదు. "నా బిడ్డ నీ మీద కోపంగా ఉంది నాయనా. నువ్వు వచ్చి మాట్లాడుకో" అంది. అంతే. నేను ఏడ్చింది అప్పుడే, ఆయన పోయాక మొదటిసారి సరిగ్గా.

కోపం ఒక్కరోజులో పోలేదు. కొన్నాళ్ళు పదమూడో కీర్తనే చదివాను. దాని చివర దావీదు పాట పాడతానంటాడు. నాకు ఆ చివరి వచనం దాకా రావడానికి చాలా పట్టింది. ఇప్పుడు నా జీవితంలో తృప్తి ఉందా అంటే ఉంది. లోటు పోలేదు. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

ఇప్పుడు టీవీల్లో, ఫోన్లలో కొందరు సేవకులు చెప్పేది వింటే ఒళ్ళు మండుతుంది. కానుక పంపండి, ఇల్లొస్తుంది, వీసా వస్తుంది, అప్పు తీరుతుంది. అమ్మమ్మ అంతకాలం ఊళ్ళు తిరిగి ఎవరికీ ఇల్లొస్తుందని చెప్పినట్టు నేను వినలేదు. ఆమె సొంత ఇంటికే చివరిదాకా తాటాకు కప్పే. మావాళ్ళలో కమిటీ ఎన్నికలు, కోర్టు కేసులు, గుడి స్థలాల కొట్లాటలు కూడా ఉన్నాయి. దాచిపెట్టి లాభం లేదు. జానెడు గోడ తగాదాలే, పెద్ద సైజులో.

అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. గుడి గంట కొట్టగానే పల్లె పనులు ఆపింది. పెట్టె చుట్టూ కూచుని పాడుతుంటే, పెద్దవీధి నుంచి ఒక పెద్దామె వచ్చింది. బలిపీఠం, సహోదరుడు అని చదివినప్పుడు అమ్మమ్మ నోరు పడిపోయేలా అడిగింది ఈమే. ఈమె పెద్దకొడుకు పుట్టినప్పుడు రెండు రాత్రులు కాన్పు కష్టమైతే, బైబిలమ్మ కదలకుండా పక్కనే ఉందని ఊరంతటికీ తెలుసు. ఆ రెండు రాత్రులూ అమ్మమ్మకు మంచినీళ్ళు ఇచ్చింది ఎత్తి దోసిట్లో పోసి. ఈ విషయం అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. కన్న బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకోవచ్చు గానీ, ఆ ఇంటి చెంబు ముట్టుకోకూడదు.

ఆ పెద్దామె కుర్చీ వేస్తే వద్దంది. మా ఆడవాళ్ళ మధ్య చాప మీద కూచుంది. పాటలు అయ్యేదాకా ఉంది. అందరికీ టీ ఇస్తున్నారు, మా పిన్ని ఆమెను దాటి పక్కామెకు ఇచ్చింది. అవమానించాలని కాదు, తరతరాల అలవాటు. ఆ పెద్దామె చెయ్యి చాపి, "నాకియ్యవేమ్మా?" అంది. పిన్ని నా మొహం చూసింది. నేను గ్లాసు అందించాను. అందరూ చూస్తుండగా మొత్తం తాగి, గ్లాసు కిందపెట్టి, "మీయమ్మ మా ఇంట్లో ఏమీ తాగలేదు, మేమే తాగనివ్వలేదు" అంది. ఎవరినీ క్షమించమని అడగలేదు. అలాగే కూచుంది, సమాధుల దొడ్డి దాకా నడిచింది కూడా.

ఈ కథ మా అమ్మాయికి ఈ మధ్యే చెప్పాను. అది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. అంబేడ్కర్‌ను చదువుతుంది, నన్ను ప్రశ్నలడుగుతుంది, చర్చికి దాని ఇష్టమైనప్పుడు వస్తుంది. అంతా విని, "అమ్మా, ఒక గ్లాసు టీ తాగడానికి ఆవిడకు అంతకాలం ఎందుకు పట్టింది? అమ్మమ్మమ్మకు కోపం రావాలి కదా? ప్రేమ పేరుతో ఓర్చుకోమని నేర్పించారా?" అంది. న్యాయమైన ప్రశ్న. కోపం వచ్చేదనే చెప్పాను. మా అమ్మను, పిన్నిని చదివించింది ఆ కోపంతోనే. పెద్దవీధిలో వడ్డీలెక్క తప్పు రాస్తే, మా పల్లెవాళ్ళ తరఫున వెళ్ళి కాగితం చదివి వినిపించి సరిచేయించింది ఆమే. మళ్ళీ తెల్లవారుజామున ఆ ఇంటివాళ్ళ పేరూ ప్రార్థనలో ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని అడిగింది మా అమ్మాయి. అడుక్కొచ్చుకునేదట అన్నాను. ఒప్పుకోలేదు. ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఈస్టరుకు మా పల్లెలో తెల్లవారుజామునే సమాధుల దొడ్డికి పాడుకుంటూ వెళ్తారు. అంతకు ముందురోజే సమాధులకు సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకోవాలి. ఈసారి తనూ వస్తానంది మా అమ్మాయి, ఆ పెద్దామె మనవళ్ళెవరైనా ఉంటే మాట్లాడాలట, కాన్పు సంగతి వాళ్ళవైపు నుంచి వినాలట. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు ఇద్దరికీ టికెట్లు తీసింది. వెయిటింగ్ లిస్టే, కన్ఫర్మ్ కాకపోతే బస్సుకు పోదామంటోంది.